చెట్లను లెక్కిస్తే చిట్టడవి మిగులుతుందా? – జీవవైవిధ్య క్రెడిట్లు, కొలమానాల సమస్య

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి పరిసరాల్లోని చిట్టడవిలో ఒక చిన్న పక్షి మళ్లీ కనిపించింది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమై, 1900 తరువాత జాడ తెలియక, అంతరించిపోయిందని అందరూ భావించిన ఆ పక్షి పేరు కలివి కోడి. పగలంతా పొదల చాటున ఒదిగి ఉండి, చీకటి పడిన తరువాత నేలమీద తిరుగాడే ఈ పక్షిని వెదకి పట్టుకోవడంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు దారి చూపినది స్థానికుల ఎరుకే. అటుపిమ్మట ఆ ప్రాంతంలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఈ పక్షి ఆవాసాన్ని కాపాడేందుకు తెలుగుగంగ కాలువ మార్గాన్ని సైతం మార్చవలసి వచ్చింది.

కలివి కోడి నివసించే నేల బయటివారి కంటికి బీడుగానే కనిపిస్తుంది. అక్కడ కలపనిచ్చే మహావృక్షాలు లేవు, పంట లేదు. ముళ్ల పొదలు, వాటి నడుమ ఖాళీ నేల, మేతకు వచ్చే గొర్రెలు, మేకలు మాత్రమే ఉంటాయి. ఇటువంటి నేలను కాపాడడానికి అయ్యే ఖర్చును ఎవరు భరించాలి? కాపాడినట్లు ఏ లెక్కతో రుజువు చేయాలి? ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చిన జీవవైవిధ్య క్రెడిట్లు ఈ రెండు ప్రశ్నలకు మార్కెట్ ద్వారా సమాధానం చెప్పడానికి పుట్టినవి. మొదటి ప్రశ్నకు సమాధానం దొరికినంత తేలికగా రెండవదానికి దొరకడం లేదన్నదే ఇప్పటివరకు కలిగిన అనుభవాల సారాంశం.

నిధుల కొరత – కొత్త మార్గాల అన్వేషణ

2022 డిసెంబరులో మాంట్రియల్ నగరంలో ఆమోదం పొందిన కున్మింగ్–మాంట్రియల్ ప్రపంచ జీవవైవిధ్య ప్రణాళిక 2030 నాటికి సాధించవలసిన 23 లక్ష్యాలను నిర్దేశించింది. జీవవైవిధ్య రక్షణకు అవసరమైన నిధులకు, అందుబాటులో ఉన్న నిధులకు మధ్య ఏటా 70,000 కోట్ల డాలర్ల లోటు ఉన్నదని ఆ ప్రణాళిక అంచనా. ఆ లోటులో 50,000 కోట్ల డాలర్లను ప్రకృతికి హాని చేసే రాయితీల తగ్గింపు ద్వారా పూడ్చాలని 18వ లక్ష్యం చెబుతుంది. అన్ని మార్గాల ద్వారా ఏటా కనీసం 20,000 కోట్ల డాలర్లు సమీకరించాలని 19వ లక్ష్యం కోరుతుంది. పర్యావరణ సేవలకు చెల్లింపులు, హరిత బాండ్లతో పాటు జీవవైవిధ్య క్రెడిట్ల ప్రస్తావన వచ్చేది ఈ 19వ లక్ష్యంలోనే.

ఈ పరిరక్షణకు ఇంతవరకు ప్రధాన ఆధారం ప్రభుత్వ నిధులు, దాతల విరాళాలు. ఈ రెండూ చాలనప్పుడు ప్రైవేటు సంస్థల ధనాన్ని రప్పించే సాధనంగా క్రెడిట్లను ముందుకు తెచ్చారు. 2023 జూన్‌లో ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల చొరవతో ఏర్పడిన అంతర్జాతీయ సలహా మండలి, ఈ మార్కెట్ పాటించవలసిన ప్రమాణాల చట్రాన్ని 2024లో కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన సదస్సులో విడుదల చేసింది.

క్రెడిట్ అంటే ఏమిటి?

నిర్ణీత విస్తీర్ణంలో, నిర్ణీత కాలంలో, ప్రకృతికి కలిగిన మేలును కొలిచి, మూడవ పక్షం చేత ధ్రువీకరింపజేసి, అమ్మకానికి వీలైన ప్రమాణంగా మలిచినదే జీవవైవిధ్య క్రెడిట్. భూమిని కాపాడేవారు దానిని అమ్ముతారు. సంస్థలు గాని, వ్యక్తులు గాని కొంటారు. వచ్చిన సొమ్ము సంరక్షణకు చేరుతుంది.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గుర్తించాలి. ఒకచోట గని గాని, రహదారి గాని కలిగించిన నష్టానికి మరొకచోట చేసే పూడ్పును పరిహార విధానం అంటారు. ఎవరి నష్టానికీ ముడిపెట్టకుండా ప్రకృతికి చేసే అదనపు మేలుకు గుర్తింపుగా కొనేది స్వచ్ఛంద క్రెడిట్. మొదటిదానిలో ఒక చేతితో తీసినదానిని మరొక చేతితో పెట్టడమే జరుగుతుంది. లెక్క ఏమాత్రం తప్పినా ప్రకృతికి మిగిలేది నష్టమే. అందువల్ల ఒక దేశంలోని నష్టానికి మరొక దేశపు క్రెడిట్లను పూడ్పుగా చూపరాదని, పరిహారం స్థానికంగా, అదే రకపు ఆవాసంతోనే జరగాలని నిపుణులు పట్టుబడుతున్నారు.

ఏ క్రెడిట్‌కైనా మూడు పరీక్షలు తప్పవు. పని మొదలయ్యే నాటికి ఆ నేల స్థితి ఏమిటో నమోదు కావాలి. క్రెడిట్ సొమ్ము రాకపోయినా ఆ మేలు జరిగి ఉండేదా అన్నది తేలాలి. ఒకచోట నరికివేతను ఆపితే అది పక్క ఊరికి మరలిపోలేదని రుజువు కావాలి.

కర్బనంతో పోలిక ఎక్కడ ఆగిపోతుంది?

జీవవైవిధ్య క్రెడిట్లకు కర్బన క్రెడిట్లే నమూనా. అయితే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ విశాఖపట్నంలో విడుదలైనా, లండన్‌లో విడుదలైనా వాతావరణంపై దాని ప్రభావం ఒకటే. కనుక ఒక టన్నును మరొక టన్నుతో సరితూచవచ్చు. జీవవైవిధ్యానికి అటువంటి ఉమ్మడి తూనిక రాయి లేదు. కోరింగ మడ అడవిలోని ఒక హెక్టారు నల్లమలలోని ఒక హెక్టారుకు సాటి రాదు. ఆ రెండూ కలిసినా కలివి కోడి తిరిగే చిట్టడవికి బదులు కావు. ప్రతి ఆవాసానికీ తనదైన జీవజాలం, తనదైన చరిత్ర ఉన్నాయి.

మార్కెట్‌కు మాత్రం ఒకే రకమైన ప్రమాణం కావాలి. సరుకు ఒకే తీరుగా ఉంటే తప్ప అమ్మకం సులువు కాదు. వైవిధ్యాన్ని కాపాడడానికి వైవిధ్యం లేని కొలమానం అవసరం కావడమే ఈ విధానంలోని మౌలిక వైరుధ్యం. ఈ వైరుధ్యాన్ని వివిధ దేశాలు వివిధ రీతుల్లో ఎదుర్కొన్నాయి.

ఇతర దేశాల అనుభవాలు

మలేషియాలోని సబా రాష్ట్రంలో 2008లో మాలువా బయోబ్యాంక్ ప్రారంభమైంది. ఒరాంగుటాన్లు నివసించే సుమారు 34,000 హెక్టార్ల అడవి దీని పరిధి. 100 చదరపు మీటర్ల అడవి రక్షణకు ఒక ధ్రువపత్రం చొప్పున అమ్మకానికి పెట్టారు. అడవి విలువైనదే, ఉద్దేశమూ మంచిదే. అయినా ధ్రువపత్రాలు ఆశించిన మేరకు అమ్ముడుపోలేదు. కొనాలన్న నిర్బంధం ఎవరికీ లేనప్పుడు కేవలం సద్భావన మీద మార్కెట్ నిలబడదని ఈ ప్రయత్నం నేర్పింది.

కొలంబియాలో టెర్రాసోస్ అనే సంస్థ 10 చదరపు మీటర్ల ఆవాసాన్ని 30 ఏళ్లపాటు కాపాడడాన్ని లేదా పునరుద్ధరించడాన్ని ఒక క్రెడిట్‌గా నిర్ణయించి, 25 డాలర్ల ధరకు అమ్మకానికి పెట్టింది. విస్తీర్ణం, కాలం రెండూ స్పష్టంగా ఉండటం దీనిలోని సుగుణం.

ఇంగ్లండ్ చట్టాన్ని ఆశ్రయించింది. 2021 పర్యావరణ చట్టం మేరకు, 2024 ఫిబ్రవరి 12 నుంచి పెద్ద నిర్మాణాలు చేపట్టేవారు ఆ స్థలంలో ముందున్న జీవవైవిధ్య విలువకన్నా కనీసం 10 శాతం అదనపు విలువను చూపి, దానిని 30 ఏళ్లు నిలపవలసి ఉంటుంది. అక్కడి లెక్కింపు తీరు ఆసక్తికరమైనది. ఆవాసపు విస్తీర్ణాన్ని దాని విశిష్టత, ఆరోగ్య స్థితి, ఆ స్థానానికి ఉన్న ప్రాముఖ్యం అనే అంశాలతో గుణిస్తారు. ఉదాహరణకు, మధ్యస్థ విశిష్టత గల ఒక హెక్టారు పచ్చికకు విశిష్టత కింద 4, ఓ మోస్తరు స్థితికి 2 చొప్పున 8 యూనిట్లు వస్తాయి. అదే పచ్చికను మంచి స్థితికి తెస్తే 12 యూనిట్లు అవుతాయి. ఈ 4 యూనిట్ల పెరుగుదల నుంచి, అందుకు పట్టే కాలానికీ విఫలమయ్యే అవకాశానికీ కొంత తగ్గించి మిగిలినదే లాభంగా లెక్కిస్తారు. రైతులు తమ భూమిలో ఇటువంటి యూనిట్లను తయారుచేసి నిర్మాణదారులకు అమ్ముకోవచ్చు. అయితే ఈ పద్ధతి ఆవాసాన్నే కొలుస్తుంది, అందులోని ప్రాణులను నేరుగా లెక్కించదు. పచ్చిక బాగుపడినంత మాత్రాన దానిని నమ్ముకున్న పిట్ట తిరిగి వచ్చినట్లు కాదు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర పరిహార విధానాన్ని అక్కడి ఆడిటర్ జనరల్ 2022లో పరిశీలించి, లోపాలను ఎత్తిచూపారు. అవసరమైన రకాల క్రెడిట్లు మార్కెట్‌లో తగినన్ని లేవు. లావాదేవీల్లో పారదర్శకత కొరవడింది. నిర్మాణదారులు క్రెడిట్లకు బదులు ఒక నిధికి సొమ్ము చెల్లించి తమ బాధ్యత తీర్చుకోవచ్చు. ఆ సొమ్ముతో అదే రకపు ఆవాసాన్ని తరువాత సంపాదించగలరన్న హామీ మాత్రం లేదు. ఖాతాలో డబ్బు పేరుకొని, నేలమీద ఆవాసం తరిగిపోయే ప్రమాదాన్ని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

భారతదేశంలో గ్రీన్ క్రెడిట్ విధానం

భారత ప్రభుత్వం 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2023 అక్టోబరులో గ్రీన్ క్రెడిట్ నియమాలను ప్రకటించింది. చెట్ల పెంపకం, నీటి నిర్వహణ, సుస్థిర వ్యవసాయం, మడ అడవుల పరిరక్షణ వంటి పలు రంగాలకు ఇందులో చోటు కల్పించారు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ పరిశోధన, విద్యా మండలి దీనికి నిర్వాహక సంస్థ. మొదట ఆచరణలోకి వచ్చినది చెట్ల పెంపకమే.

2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పద్ధతి ప్రకారం అటవీ శాఖ ఆధీనంలోని క్షీణించిన భూములను ఎంపిక చేసి, సంస్థలు చెల్లించే సొమ్ముతో అక్కడ చెట్లు పెంచుతారు. పలుచని అడవులు, పొద భూములు, బీళ్లు, పరీవాహక ప్రాంతాలు ఈ ఎంపిక పరిధిలోకి వచ్చాయి. హెక్టారుకు కనీసం 1,100 చెట్ల సాంద్రత ఉండాలని, పెరిగిన చెట్టుకు ఒక క్రెడిట్ చొప్పున ఇవ్వాలని నిర్ణయించారు. 2025 ఆగస్టులో ఈ పద్ధతిని సవరించారు. కనీసం ఐదేళ్లు గడిచి, ఆకుల గొడుగు 40 శాతం నేలను కప్పిన తరువాతే, ఐదేళ్లు దాటిన చెట్టుకు ఒక క్రెడిట్ చొప్పున లభిస్తుంది. నాటినందుకు గాక బతికినందుకు గుర్తింపు ఇవ్వడం నిస్సందేహంగా ముందడుగు. అయినా లెక్క మాత్రం చెట్టు దగ్గరే ఆగింది. అడవి భూమిని ఇతర అవసరాలకు మళ్లించినప్పుడు చేయవలసిన పరిహార వనీకరణ బాధ్యతకు కూడా ఈ క్రెడిట్లను వినియోగించుకునే వీలుండటం వల్ల, ఈ లెక్క మరింత కీలకమవుతున్నది.

1,100 చెట్లు – 700 పొదలు

కలివి కోడి ఆవాసంపై కడప జిల్లాలో జరిగిన పరిశోధన ఒక ముఖ్యమైన విషయాన్ని వెల్లడించింది. 2 మీటర్లకు మించిన ఎత్తుగల పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, అంతకన్నా చిన్న పొదలు 1,000 కన్నా తక్కువ ఉన్నచోటనే ఈ పక్షి ఎక్కువగా తిరుగుతుంది. పొదలు మరీ తగ్గినా, మరీ దట్టమైనా ఆ నేల దానికి పనికిరాదు. దానికి దాగడానికి నీడా కావాలి, పరుగెత్తి పురుగులను ఏరుకోవడానికి ఖాళీ నేలా కావాలి.

ఈ అంకెల పక్కన హెక్టారుకు 1,100 చెట్లు, 40 శాతం గొడుగు అనే ప్రమాణాలను ఉంచి చూడాలి. చెట్టుకూ పొదకూ పోలిక అచ్చంగా కుదరకపోయినా, ఫలితం ఏ దిశలో ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పొద భూమి అన్న పేరుతో ఇటువంటి నేలను ఎంపిక చేసి, చెట్లు పెంచి, వాటిని బతికించి, క్రెడిట్లు పొందితే నియమాల ప్రకారం అంతా విజయమే. పత్రాల్లో లాభం నమోదవుతుంది. నేలమీద మాత్రం ఒక జాతికి నిలువ నీడ లేకుండా పోతుంది.

గడ్డి భూముల పరిస్థితీ ఇదే. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట రక్షణకై ఏర్పడింది. సాధారణంగా ఒక విడతకు ఒకే ఒక గుడ్డును నేలమీదనే పెట్టే ఈ భారీ పక్షికి నాలుగు దిక్కులా చూపు ఆనే బయలు కావాలి. దేశం మొత్తంమీద వీటి సంఖ్య 200కు లోపే మిగిలింది. గడ్డినేలలో చెట్లు నాటితే దానికి పచ్చదనం పెరగదు, ఇల్లు కూలుతుంది. కృష్ణజింకకూ, తోడేలుకూ, నేలమీద గూడుకట్టే అనేక చిన్న పక్షులకూ ఇదే వర్తిస్తుంది. బీడు అన్న మాట రెవెన్యూ దస్తావేజుకు చెందినది. ప్రకృతిలో బీడు అంటూ ఏదీ ఉండదు.

చిట్టడవికి తగిన కొలమానం

అయితే క్రెడిట్ల ఆలోచననే తోసిపుచ్చవలసిన పని లేదు. చిట్టడవికీ, గడ్డి భూమికీ నిధులు రావలసిన అవసరం అడవికన్నా ఎక్కువే. కావలసినది ఆ నేలకు తగిన కొలమానం. కలివి కోడి విషయంలో పరిశోధకులు అనుసరించిన పద్ధతులే ఇందుకు పునాది కాగలవు. మెత్తని మట్టిని సన్నని పట్టీలుగా పరచి, ఉదయాన్నే వాటిపై పడిన అడుగుజాడలను గుర్తించారు. రాత్రి కెమెరాలు అమర్చారు. ముందుగా రికార్డు చేసిన అరుపును వినిపించి, వచ్చే బదులును నమోదు చేశారు. ఖరీదైన యంత్రాలకన్నా ఓపిక, స్థానికుల తోడ్పాటు వీటికి ముఖ్యం.

ఈ అనుభవం ఆధారంగా ఒక చిట్టడవి క్రెడిట్‌లో నాలుగు అంశాలు చేరవచ్చు. పెద్ద, చిన్న పొదల సాంద్రత తగిన పరిధిలో నిలవడం మొదటిది. సూచిక జాతుల ఉనికికి ఏటా లభించే ఆధారం రెండవది. సర్కారు తుమ్మ వంటి ఆక్రమణ జాతుల విస్తరణ తగ్గడం మూడవది. మేత ఒత్తిడి మితంగా ఉండటం నాలుగవది. ఇందులో పొదలు పెరగడానికి ఎంత విలువ ఉందో, హద్దు మీరి పెరగకపోవడానికీ అంతే విలువ ఉంటుంది. ఎంత ఎక్కువైతే అంత మేలు అనే లెక్కకు భిన్నంగా, తగినంత అనే భావన కొలమానంలోకి రావాలి. ఎరువు మోతాదు విషయంలో ప్రతి రైతుకూ తెలిసిన సూత్రమే ఇది.

ఆదాయం ఎవరికి చేరాలి?

మితమైన మేత, కొద్దిపాటి వంటచెరకు సేకరణ వల్లనే ఈ చిట్టడవులు పూర్తిగా మూసుకుపోకుండా నిలిచాయి. అంటే గొర్రెల కాపరులు ఈ ఆవాసానికి శత్రువులు కారు, దాని నిర్వహణలో భాగస్వాములు. కంచె వేసి వారిని బయటకు పంపి సంపాదించే క్రెడిట్, న్యాయంగానే గాక శాస్త్రపరంగానూ లోపభూయిష్టమే అవుతుంది. మంద ఏ రుతువులో ఎక్కడ మేయాలో గ్రామస్థులతో కలిసి నిర్ణయించి, ఆ కట్టుబాటును పాటించినందుకు క్రెడిట్ ఆదాయంలో వాటా ఇవ్వడం ఉచితం. 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించిన సాముదాయక హక్కులున్న చోట గ్రామసభ సమ్మతి లేనిదే ఏ పథకమూ మొదలు కారాదు.

ఇందుకు అవసరమైన వ్యవస్థకు చట్టంలో ఇప్పటికే చోటు ఉంది. 2002 జీవవైవిధ్య చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య నిర్వహణ కమిటీని ఏర్పాటు చేయాలి. ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేయాలి. ఊరిలోని మొక్కలు, పశుజాతులు, పంట రకాలు, చెరువులు, మేత భూములు, వాటి గురించి పెద్దలకున్న పరిజ్ఞానం అందులో నమోదు కావాలి. క్రెడిట్‌కు కావలసిన ప్రాథమిక స్థితి నమోదు అంటే ఇదే. చాలాచోట్ల లాంఛనంగా మిగిలిన ఈ రిజిస్టర్లను జాగ్రత్తగా పూరించి, మూడు లేదా ఐదేళ్లకొకసారి సవరిస్తే, బయటి సంస్థలు వచ్చి కొలిచేదాకా ఊరు ఎదురుచూడనవసరం లేదు.

సాగుభూముల మాట

జీవవైవిధ్యం అభయారణ్యాలకే పరిమితం కాదు. జొన్న, కొర్ర, సజ్జలతో పాటు కంది, అలసంద, ఆముదం కలిపి వేసే మెట్ట పొలంలోనూ, గట్లమీది వేప, కానుగ చెట్లలోనూ, వాటిని ఆశ్రయించిన తేనెటీగలు, సాలెపురుగులు, పక్షులలోనూ అది ఉన్నది. నాటు విత్తనాన్ని ఏటేటా దాచి విత్తే రైతు నిజానికి ఒక విత్తన నిధిని సొంత ఖర్చుతో నడుపుతున్నాడు. గ్రీన్ క్రెడిట్ నియమాల్లో సుస్థిర వ్యవసాయానికి కల్పించిన చోటు ఇటువంటి సేవకు ప్రతిఫలంగా మారాలంటే, పొలానికి సరిపడే కొలమానాన్ని ముందుగా సిద్ధం చేయాలి. సాగులో ఉన్న రకాల సంఖ్య, మట్టిలోని వానపాములు, సేంద్రియ కర్బనం, పరాగ సంపర్కం జరిపే కీటకాల రాకపోకలు సులభంగా లెక్కించదగినవే.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఎకరా రెండెకరాల కమతానికి విడిగా ధ్రువీకరణ జరిపిస్తే అయ్యే ఖర్చు వచ్చే రాబడిని మింగివేస్తుంది. కనుక రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా ఉమ్మడిగా నమోదు కావడం మేలు. 30 ఏళ్ల ఒప్పందం అంటే తరువాతి తరాన్ని సైతం కట్టడి చేసే ఒప్పందం. కౌలుదారు సాగు చేస్తున్న భూమిలో ప్రతిఫలం ఎవరిదన్నది ముందే తేలాలి. ఒప్పంద పత్రం తెలుగులో ఉండాలి. మధ్యవర్తి వాటా ఎంతో అందులో స్పష్టంగా రాయాలి. ఎప్పటినుంచో మంచి పద్ధతులు పాటిస్తున్న రైతును కొత్త మార్పు ఏదీ చూపలేదన్న కారణంతో పక్కన పెట్టరాదు. పాడుచేసి బాగుచేసినవానికి బహుమతి, మొదటినుంచి కాపాడినవానికి రిక్తహస్తం అన్న పరిస్థితి వస్తే ఆ విధానం తన ఉద్దేశాన్నే ఓడిస్తుంది.

ముగింపు

జీవవైవిధ్య క్రెడిట్లు రాయితీల సంస్కరణకు గాని, ప్రభుత్వ బాధ్యతకు గాని ప్రత్యామ్నాయం కావు. అవి ఒక అదనపు సాధనం మాత్రమే. ఆ సాధనం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది మార్కెట్‌లో పలికే ధర కన్నా ముందుగా కొలమానంలోనే నిర్ణయమవుతుంది. దేనిని లెక్కిస్తే దానినే పెంచుతారు. చెట్టును లెక్కిస్తే చెట్లే పెరుగుతాయి.

ప్రాంతానికి తగిన కొలమానాలను రూపొందించే పని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, పరిశోధన కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు తలపెట్టదగినది. మట్టిని, పురుగును, గడ్డిని, పశువును విడివిడిగా ఎరిగిన శాస్త్రవేత్తలు అక్కడ ఉన్నారు. రాయలసీమలో ఒక్కొక్క గ్రామాన్ని ఎంచుకొని, అక్కడి కాపరులను, రైతులను కలుపుకొని, బీడుగా రాసిన నేలలో నిజంగా ఏమేమి బతుకుతున్నాయో ముందుగా నమోదు చేయాలి. సంస్థల సొమ్ము రాకమునుపే ఆ నమోదు పూర్తి కావాలి. 1986లో కలివి కోడి జాడ తెలిసినది ఊరివారిని అడిగినందువల్లనే. ఆ నేలకు లెక్క కట్టే వేళ కూడా మొదట అడగవలసినది వారినే.